చేత్తో తిప్పే లెన్సు

మన సంక్రాంతి సంబరాల్లో స్టేజీ ముందు వరుస ఎప్పుడైనా గమనించారా? ప్రతి నలుగురిలో ఒకరి మెడలో కెమెరా, మిగతా ముగ్గురి చేతుల్లో ఫోన్లు. మనం ఇల్లు చేరేలోపే వాట్సాప్‌లో నాలుగొందల ఫోటోలు వచ్చి పడతాయి. పిల్లల డాన్సు ఉంటుంది, పులిహోర ప్లేటు ఉంటుంది, అధ్యక్షుల వారి శాలువా ఉంటుంది. ఒక మనిషి ముఖాన్ని తీరిగ్గా చూపించే ఫోటో మాత్రం ఒక్కటి దొరికితే గొప్పే.

నేను ఫోటోగ్రాఫర్ని కాను. వారమంతా క్లయింట్ల సర్వర్లతో కుస్తీ పట్టే మామూలు ఐ.టి. కన్సల్టెంటుని. ఈ లెన్సుల గొడవలోకి రావడానికి కారణం ఇంట్లో ఉంది. 2018లో అమ్మ పోయినప్పుడు పెద్దకర్మ రోజుకి ఒక ఫోటో కావాల్సి వచ్చింది. ఆల్బములు, హార్డ్ డిస్కులు అన్నీ తిరగేశాం. నయాగరా దగ్గర అమ్మ ఉంది, డిస్నీలో ఉంది, అన్నిట్లోనూ వేలెడంత మనిషి, ఎండకి కళ్ళు చికిలించుకుని. చివరికి కాకినాడలో ఒక స్టూడియో వాళ్ళు మా పిన్ని కూతురి పెళ్ళి గ్రూపు ఫోటోలోంచి అమ్మని కత్తిరించి, వెనక నీలం రంగు వేసి, పెద్దది చేసి ఇచ్చారు. అమ్మ భుజం మీద ఇంకెవరివో రెండు వేళ్ళు అలాగే మిగిలిపోయాయి. మీ ఇళ్ళల్లో గోడల మీద ఉన్నవాటిని ఒకసారి చూడండి, ఇలాంటివి కనీసం ఒకటైనా ఉంటుంది.

2022లో నాన్న ఆరు నెలలు ఉండడానికి మా దగ్గరికి, అట్లాంటాకి, వచ్చారు. ఈసారి ఆయన కోసమే, ఆయన ఎదురుగా కూర్చుని ఉండగా తీసిన ఫోటో ఒకటి ఉండాలనుకున్నాను.

ఫోను ఉండగా లెన్సు ఎందుకు అంటారా? ఫోనులో ముఖం నిండుగా రావాలంటే మూడడుగుల లోపలికి వెళ్ళాలి. అంత దగ్గర నుంచి చూస్తే ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. అది లెన్సు తప్పు కాదు, దూరం చేసే పని. కనీసం ఆరేడు అడుగుల దూరంలో నిలబడితేనే మన కంటికి అలవాటైన ముఖం కనిపిస్తుంది. అంత దూరం నుంచి తల, భుజాలు మాత్రమే ఫ్రేములోకి రావాలంటే ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి 85 నుంచి 105 ఎం.ఎం. లెన్సు సరిపోతుంది. పోర్ట్రెయిట్ లెన్సు అనే పేరు అందుకే వచ్చింది. వెనక ఉన్నవన్నీ మెత్తగా కరిగిపోవడం దానికి కొసరు.

ఇక ధర. నికాన్ 2016లో తెచ్చిన ఆటోఫోకస్ 105 ఎం.ఎం. ఎఫ్ 1.4 లెన్సు అప్పట్లోనే 2,200 డాలర్ల దగ్గర పలికింది. ఆ అంకె విని మా ఆవిడ ఏమీ అనలేదు, ఊరికే నావైపు చూసింది. దాంతో నా చూపు పాత లెన్సుల మీదికి మళ్ళింది. అక్కడ దొరికిందే నికోర్ 105 ఎం.ఎం. ఎఫ్ 2.5. దీని తొలి రూపం 1954లో రేంజ్‌ఫైండర్ కెమెరాల కోసం వచ్చింది. 1971లో లోపలి గాజుల అమరిక మార్చారు, నాలుగు గుంపుల్లో ఐదు గాజులు. 1981 నుంచి వచ్చిన ఏఐ-ఎస్ రకాన్ని 2005 వరకూ తయారుచేశారు. అన్నేళ్ళు అమ్మింది కాబట్టే ఇవాళ సెకండ్‌హ్యాండులో చవగ్గా దొరుకుతోంది. నాకు 140 డాలర్లు పడింది.

ఈ లెన్సు తీసిన ఫోటో ఒకటి మీరందరూ చూసే ఉంటారు. 1984లో పెషావర్ దగ్గర నాసిర్ బాగ్ శరణార్థుల శిబిరంలో స్టీవ్ మెక్‌కరీ తీసిన ఆకుపచ్చ కళ్ళ అఫ్ఘాన్ అమ్మాయి, 1985 జూన్ నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రం. నికాన్ ఎఫ్ఎం2 కెమెరా, కోడాక్రోమ్ ఫిల్ము, ఈ 105 లెన్సు. ఆ అమ్మాయి ఇష్టం కనుక్కునే తీశారా అని తర్వాత చాలా విమర్శలు వచ్చాయి. అవి సబబైన విమర్శలే అని నా అభిప్రాయం. లెన్సు సత్తాకి మాత్రం వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మన వృత్తిలో లెగసీ సిస్టమ్ అంటే తిట్టు. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నాటిది, ఇప్పటికీ పనికొస్తోంది. మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక దాని పని ఇంకా సులువైంది. ఎఫ్ మౌంటుకి సెన్సారు నుంచి 46.5 ఎం.ఎం. దూరం కావాలి, నికాన్ జడ్ మౌంటులో ఆ దూరం 16 ఎం.ఎం. మధ్యలో మిగిలిన 30.5 ఎం.ఎం. ఖాళీని నింపే గొట్టమే అడాప్టరు. సోనీ, కేనన్ మిర్రర్‌లెస్ వాళ్ళకీ ఇదే లెక్క, అంకెలే కాస్త మారతాయి. ఏ కరెంటు తీగా లేని మామూలు గొట్టం కొద్దిపాటి డాలర్లకే వస్తుంది. పాత డిజిటల్ ఎస్సెల్లార్ ఉన్నవాళ్ళు మాత్రం ఒకటి చూసుకోవాలి. నికాన్ డి700, డి7000 లాంటి వాటిలో ఏఐ లెన్సుతో మీటరు పనిచేస్తుంది. డి3000, డి5000 వరుసల్లో పనిచెయ్యదు, వెలుతురు మీరే అంచనా వేసుకోవాలి. 1977కి ముందటి, ఏఐగా మార్చని లెన్సులని చాలా బాడీలకి తగిలిస్తే మౌంటు పక్కనుండే చిన్న మీట విరిగే ప్రమాదం ఉంది.

పాత లెన్సు కొనడం పాత కారు కొనడం లాంటిదే, బానెట్ ఎత్తి చూడాలి. ముందు, వెనక మూతలు తీసి ఒక పక్క నుంచి టార్చి వెయ్యండి. సాలెగూడు లాంటి సన్నటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, ఆ లెన్సు ఊరికే ఇచ్చినా వద్దు. తెల్లటి పొగమంచు పొర ఉన్నా వద్దు. నాలుగు ధూళి రేణువులు ఉంటే ఏం పర్లేదు, ఫోటోలో కనపడవు. అపెర్చర్ రేకుల మీద నూనె మరకలు ఉండకూడదు, రింగు తిప్పితే రేకులు వెంటనే కదలాలి. ఫోకస్ రింగు ఆ చివర నుంచి ఈ చివరకి ఒకే తీరుగా తిరగాలి. ఎక్కడా పట్టెయ్యకూడదు, వదులుగా జారిపోనూకూడదు. నేను మొదట ఇంటర్నెట్‌లో ఒక వ్యక్తి దగ్గర కొన్నదానికి "అద్దంలా ఉంది" అని రాశారు. వచ్చాక టార్చి వేస్తే లోపల అడవి. వెనక్కి పంపేశాను. రెండోది మా ఊరి పక్కనే ఉన్న కె.ఇ.హెచ్. వాళ్ళది. అక్కడ పాత సరుకుని పరీక్షించి, గ్రేడు వేసి అమ్ముతారు. పది, ఇరవై డాలర్లు ఎక్కువైనా నిశ్చింత.

వాడకం దగ్గరికొద్దాం. ఆటోఫోకస్ లేదు. ఆరున్నర అడుగుల దూరంలో, అంటే రెండు మీటర్లలో, ఎఫ్ 2.5 దగ్గర స్పష్టంగా ఉండే మందం ఐదు సెంటీమీటర్లే. ముక్కు కొన మీద ఫోకస్ పెడితే కళ్ళు పోయాయన్నమాట. ఎఫ్ 4 దగ్గర ఎనిమిదిన్నర, ఎఫ్ 5.6 దగ్గర పన్నెండు. నిలబడ్డ మనిషి తెలియకుండానే అంగుళం ముందుకీ వెనక్కీ ఊగుతాడు. కాబట్టి వీపు ఆనే కుర్చీలో కూర్చోబెట్టండి. ఎఫ్ 4తో మొదలుపెట్టండి. ఫోకస్ కుదిరిన చోట రంగు అంచులు చూపించే పీకింగ్ అనే సదుపాయం ఉంటుంది కానీ, ఇంత పలచని ఫోకస్ దగ్గర దాన్ని నమ్మడానికి లేదు. భూతద్దం బటన్ నొక్కి, కెమెరాకి దగ్గరగా ఉన్న కంటి రెప్ప వెంట్రుకలు విడివిడిగా కనిపించేదాకా తిప్పండి. అన్నట్టు, నలభై దాటి చత్వారం వచ్చినవాళ్ళు వ్యూఫైండర్ పక్కనుండే చిన్న చక్రం తిప్పి ముందు మీ కంటికి సరిపెట్టుకోండి. అది చూసుకోకుండా లెన్సుని తిట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు.

పెరటి వైపు గాజు తలుపు పక్కన, ఎండ నేరుగా పడని చోట నాన్నని కూర్చోబెట్టాను. కెమెరా చూడగానే ఆయన పాస్‌పోర్టు ఫోటోకి దిగినట్టు బిగుసుకుపోతారు. నేను రింగు తిప్పుతూనే ఉన్నాను.

"ఏంట్రా అంతసేపు? పాడైపోయిందా?"

"లేదు నాన్నా, ఇది చేత్తోనే తిప్పాలి."

"ఇంత డబ్బు పోసి కొన్నదానికి ఆ మాత్రం తెలీదా?"

ఆ తర్వాత తన పెళ్ళికి ముందు స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకున్న ఆగ్ఫా క్లిక్ కెమెరా గురించి మొదలుపెట్టారు. రోలుకి పన్నెండు ఫోటోలు. ఒకటి నొక్కే ముందు ముగ్గురు చర్చించుకునేవారట. చెబుతూ చెబుతూ భుజాలు దిగాయి, మెడ వదులైంది. ఆటోఫోకస్ అయితే మొదటి రెండు సెకన్లలో ఇరవై ఫోటోలు తీసేసి లేచిపోయేవాళ్ళం. ఆ ఇరవైలోనూ పాస్‌పోర్టు ముఖమే ఉండేది.

మధ్యలో ఆగి అడిగారు. "గోడకా?"

నేను జవాబు వెతుక్కునేలోపే ఆయనే అన్నారు. "మీ అమ్మది ఎలా వచ్చిందో చూశావుగా. సరిగ్గా తియ్యి." కాలరు సవరించుకుని నావైపు తిన్నగా చూశారు.

భూతద్దంలో ఆయన కన్ను తెర నిండా ఉంది. నల్లగుడ్డు చుట్టూ సన్నటి బూడిదరంగు వలయం. అది అక్కడుందని నాకు అప్పటిదాకా తెలీదు.

ఆ మధ్యాహ్నం 41 తీస్తే ఫోకస్ సరిగ్గా కుదిరినవి 11. నాకు నచ్చింది ఎఫ్ 2.5లో తీసినది, వెనక పెరడంతా పచ్చటి పొగలా ఉంటుంది. నాన్న ఎంచుకున్నది ఎఫ్ 5.6ది. "ఇందులో చెవులు కూడా ఉన్నాయి" అన్నారు. వాదించలేదు. అదే 12 బై 18 అంగుళాల్లో మ్యాట్ పేపరు మీద ప్రింటు వేయించాం. మెరుపు కాగితం వద్దు, ట్యూబ్‌లైటు పడితే ముఖం కనిపించదు.

అందరికీ ఇదే కొనమని చెప్పను. పరిగెత్తే పిల్లలకి, కూచిపూడి అరంగేట్రానికి ఇది పనికిరాదు. వాటికి ఆటోఫోకస్ 85 ఎం.ఎం. ఎఫ్ 1.8 ఏదైనా కొనుక్కోండి, డబ్బు దండగ కాదు. మాన్యువల్లోనే కొత్తది కావాలంటే కొరియా వాళ్ళ సామ్‌యాంగ్ 85 ఎం.ఎం. ఎఫ్ 1.4 ఉంది. ఇక్కడ రోకినాన్ పేరుతోనూ అమ్ముతారు. వెనక దృశ్యం ఇంకా బాగా కరుగుతుంది, కానీ ఎఫ్ 1.4లో ఫోకస్ పట్టడానికి ఇంకా ఓపిక కావాలి. పెద్దవాళ్ళు, కూర్చుని కబుర్లు చెప్పేవాళ్ళు, కిటికీ పక్క వెలుతురు, ఇవి ఉంటే మాత్రం నా ఓటు పాత 105కే.

ఈ డిసెంబరులో కాకినాడ వెళుతున్నాను. పెద్దనాన్న, మా మేనత్తలిద్దరు, అమ్మ చిన్ననాటి స్నేహితురాలు, నలుగురి దగ్గరా ముందే మాట తీసుకున్నాను. సముద్రపు గాలికి లెన్సులో ఫంగస్ పట్టడానికి ఒక్క వర్షాకాలం చాలు, తోలు సంచీలో పెట్టి బీరువాలో దాస్తే ఇంకా తొందరగా పడుతుంది. అందుకే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా ఒకటి, నాలుగు సిలికా జెల్ పొట్లాలు అప్పుడే సూట్‌కేసులో పడేశాను.