ఎం.బి.ఎ. చదవాలంటే ఏ డిగ్రీ?

చంద్రగిరి: ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడగానే చంద్రగిరి పరిసర గ్రామాల తల్లిదండ్రులను వేధించే ప్రశ్న ఒకటుంది. పిల్లవాడు ముందు ముందు ఎం.బి.ఎ. చదవాలంటే ఇప్పుడు ఏ కోర్సులో చేర్పించాలి? బి.బి.ఎ. అయితేనే సీటు వస్తుందని కొందరు, బి.కాం. తప్పదని మరికొందరు చెబుతారు. రెండూ నిజం కావు.

మన రాష్ట్రంలో ఎం.బి.ఎ. ప్రవేశానికి జరిపే ఐసెట్‌కు మూడేళ్ళ డిగ్రీ ఏదైనా చాలు. చరిత్ర చదివిన బి.ఎ. విద్యార్థీ, వృక్షశాస్త్రం చదివిన బి.ఎస్సీ. విద్యార్థీ రాయవచ్చు. అయితే డిగ్రీలో 50 శాతం మార్కులు, రిజర్వేషన్ వర్గాలవారికి 45 శాతం ఉండాలి. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. ఫైనలియర్‌లో ఉండగానే పరీక్ష రాసి మంచి ర్యాంకు తెచ్చుకుంటారు. తీరా సీట్లిచ్చే నాటికి ఏదో ఒక సబ్జెక్టు మిగిలిపోయి ఉంటుంది. ఆ ర్యాంకు కార్డు పెట్టెలో దాచుకోవడానికి తప్ప ఎందుకూ కొరగాదు.

పరీక్షలో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. లెక్కలు చాలావరకు హైస్కూలు స్థాయివే: శాతాలు, నిష్పత్తులు, వడ్డీ, లాభనష్టాలు. పదో తరగతి తర్వాత లెక్కలకు నమస్కారం పెట్టినవారు అయిదారేళ్ళకు మళ్ళీ పుస్తకం తెరిస్తే చేయి ఆడదు. డిగ్రీ మూడేళ్ళూ రోజుకు అరగంట చేస్తే ఆ ఇబ్బంది ఉండదు. ఇంగ్లీషు సంగతి అంత తేలిక కాదు. తెలుగు మీడియం పిల్లలకు అసలు కష్టం సీటు వచ్చాకే. అకౌంట్లు, అర్థశాస్త్రం, గణాంకశాస్త్రం అన్నీ ఇంగ్లీషులోనే చెబుతారు. కోచింగుకు డబ్బు పోసే ముందు రోజూ ఒక ఇంగ్లీషు పత్రిక చదివించడం మేలని మా అభిప్రాయం.

ఐ.ఐ.ఎం.లపై కన్నువేసినవారి లెక్క వేరు. అహమ్మదాబాదు, కలకత్తాలలో 1961లో మొదలైన ఈ సంస్థలు 2015లో విశాఖకూ వచ్చాయి. వీటికి రాసే క్యాట్‌లో తప్పులకు కోత ఉంది. అంతేకాదు, పలు ఐ.ఐ.ఎం.లు ఇంటర్వ్యూకు పిలిచేటప్పుడు పదో తరగతి, ఇంటర్ మార్కులనూ లెక్కలోకి తీసుకుంటాయి. డిగ్రీలో కళ్ళు తెరిచేసరికి ఆ మార్కులు మార్చుకునే వీలుండదు. ఉద్యోగానుభవానికి విలువనిచ్చే సంస్థలూ ఉన్నాయి కనుక డిగ్రీ కాగానే సీటు రాకపోతే రెండేళ్ళు పనిచేయడం నష్టమేమీ కాదు.

ఇక కంప్యూటర్ సర్టిఫికెట్లు. ట్యాలీ, ఎక్సెల్ నేర్చుకోవలసినవే, పనికివస్తాయి. కానీ వాటివల్ల ఐసెట్‌లో ఒక్క మార్కూ కలవదు. సీటు కోసమని అప్పుచేసి నాలుగైదు కోర్సుల్లో చేరడం అనవసరం.

మనవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో వెలసిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం రెండూ తిరుపతిలోనే ఉన్నాయి, రెండింటా ఎం.బి.ఎ. ఉంది. ఇంటి అన్నం తిని బస్సులో వెళ్ళి రావచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంటు నిబంధనలు మారుతుంటాయి గనుక చేరే ఏడాదే విచారించుకోవాలి. దూరవిద్య ఎం.బి.ఎ. అయితే యు.జి.సి. గుర్తింపు చూసిన తర్వాతే ఫీజు కట్టాలి.

చివరగా ఒక మాట. కౌన్సెలింగులో తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ వరకు స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. వేసవి సెలవుల్లో పాఠశాలలు మూసి ఉంటాయి కాబట్టి వాటిని ముందుగానే తెచ్చి పెట్టుకోవాలి.