ఎదిగే పిల్లలకు ఆప్తులే అండ

ఎదిగే వయసు పిల్లలకు గుండె నిబ్బరం ఎలా వస్తుంది? తిండి, చదువు ఉంటే చాలదు, తమను నమ్మే మనిషి కావాలని అమెరికాలోని హవాయి రాష్ట్రంలో, కవాయి దీవిలో జరిగిన పరిశీలన చెబుతున్నది.

అప్పట్లో అక్కడ చెరకు, అనాస తోటల కూలీలు ఎక్కువగా ఉండేవారు. 1955లో ఆ దీవిలో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు వారికి 40 ఏళ్లు వచ్చే దాకా గమనించారు. పేదరికం, ఇంట్లో తగవులు, తాగుడు వంటి కష్టాలు ఒకేసారి మీదపడ్డ పిల్లల్లో మూడింట రెండు వంతుల మంది చదువులోనో, నడవడిలోనో దెబ్బతిన్నారు. మిగిలిన ఒక వంతు నిలదొక్కుకున్నారు.

నిలబడ్డవారికి పసితనంలోనే ఎవరో ఒకరి ఆదరణ దక్కింది. తల్లిదండ్రులు కాకుంటే అమ్మమ్మో, తాతో, అక్కో చేరదీశారు. పెరిగే కొద్దీ మేష్టారు, ఇరుగుపొరుగు ఆసరా అయ్యారు. కష్టం చెప్పుకొనేందుకు ప్రాణస్నేహితులు ఒకరిద్దరైనా ఉన్నారు. దారి తప్పినవారిలోనూ పలువురు 30 ఏళ్లు దాటాక మంచి తోడు దొరికి కుదుటపడటం విశేషం.

పదో తరగతి కాగానే పిల్లలను ఊరు దాటించి హాస్టళ్లలో చేర్చే తల్లిదండ్రులు దీనిని గమనించాలి. మార్కులెన్ని అని అడిగే ముందు, అక్కడ నీకు స్నేహితులెవరని అడగటం మంచిది. ఎవరూ లేరంటే ఆ వారమే వెళ్లి చూసి రావాలి.