ఛాతీలో నొప్పా? గుంటూరు దాకా ఆగొద్దు.. ముందు దగ్గర్లోని సర్కారు ఆసుపత్రికే!

మిరప కోతల రోజుల్లో, కల్లంలో కాయ ఆరబోస్తుండగా ఎవరికైనా ఛాతీ పట్టేసినట్లు అనిపిస్తే మన పల్లెల్లో ముందుగా వినిపించే మాట ‘గ్యాస్ అయి ఉంటుందిలే’. ఒక సోడా, ఒక బిళ్ల, కాసేపు మంచం. తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గరికి. అక్కడా తగ్గకపోతే కారు మాట్లాడుకుని గుంటూరుకో, ఒంగోలుకో ప్రయాణం. గుండెపోటు వచ్చిన మనిషికి ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు ఈ ఆలస్యమే.

వినుకొండ నుంచి గుంటూరు దాదాపు 90 కిలోమీటర్లు. మార్కాపురం నుంచి ఒంగోలు కూడా కాస్త అటూఇటూగా అంతే. అంత దూరం వెళ్లేలోపే అందాల్సిన తొలి వైద్యం ఒకటుంది. అది దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా దొరుకుతుంది.

ఏమిటీ స్టెమీ?

గుండెకు రక్తం అందించే నాళంలో గడ్డ ఏర్పడి, దారి పూర్తిగా మూసుకుపోవడాన్ని వైద్యులు ‘స్టెమీ’ అంటారు. గుండెపోట్లలో ఇది తీవ్రమైన రకం. ఈసీజీలో చాలావరకు బయటపడుతుంది. రక్తం అందని గుండె కండరం నిమిషనిమిషానికీ చచ్చుబడుతుంది. అలా పోయిన కండరం మళ్లీ రాదు.

ఆ ఇంజెక్షన్ ఏం చేస్తుంది?

‘టెనెక్టెప్లేస్’ అనే ఈ మందు నాళంలోని గడ్డను కరిగిస్తుంది. బయట కొంటే సుమారు రూ.40 వేలు. నొప్పి మొదలైన 12 గంటల్లోపు ఇవ్వొచ్చు. కానీ మొదటి రెండు, మూడు గంటల్లో ఇస్తేనే ఎక్కువ ఫలితం. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైన స్టెమీ కార్యక్రమం కింద దీన్ని ఏరియా ఆసుపత్రులకు, సామాజిక ఆరోగ్య కేంద్రాలకు చేర్చారు.

గుండె డాక్టరు లేని చోట ఎలా ఇస్తారు?

చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని ఆన్‌లైన్‌లో పెద్దాసుపత్రికి పంపుతారు. అక్కడి గుండె వైద్య నిపుణుడు చూసి స్టెమీయేనని చెబితే, ఇక్కడి డ్యూటీ డాక్టరు ఇంజెక్షన్ ఇస్తారు. ఆ తర్వాత రోగిని అంబులెన్స్‌లో తరలిస్తారు. ఇలాంటి పెద్ద కేంద్రాల్లో గుంటూరు జీజీహెచ్ ఒకటి. 2016లో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె మార్పిడి చేసిన ఆసుపత్రి ఇదే. అంతటి ఆసుపత్రికి చేరినా, దారిలో పోయిన సమయాన్ని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

అందరికీ ఇస్తారా?

ఇవ్వరు. ఈ మందుతో రక్తస్రావమయ్యే ముప్పుంది. గతంలో మెదడులో రక్తస్రావం, ఈమధ్య పక్షవాతం, పెద్ద ఆపరేషన్, బాగా పెరిగిన బీపీ, రక్తం పలుచబరిచే మందులు.. ఇలాంటివి ఉంటే ఏదీ దాచకుండా డాక్టరుకు చెప్పాలి.

ఇంజెక్షన్‌తో అయిపోయినట్లేనా?

కాదు. నొప్పి తగ్గిందని ఇంటికి వెళ్లిపోవడం ప్రమాదం. గడ్డ కరిగినా నాళంలో సన్నబడిన చోటు అలాగే ఉంటుంది. అందుకే సాధారణంగా 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ చేసి, అవసరమైతే స్టెంట్ వేస్తారు. గడ్డ కరగకపోతే అంతకన్నా ముందే యాంజియోప్లాస్టీ చేయాలి. అర్హులకు ఈ ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవ (గతంలో ఆరోగ్యశ్రీ) కింద వర్తిస్తుంది.

ఇవి గుర్తుంచుకోండి

• ఛాతీ మధ్యలో బరువు, బిగుతు. ఎడమ చేతికి, దవడకు, వీపుకు పాకే నొప్పి. చల్లని చెమటలు, ఆయాసం ఉంటే అనుమానించండి. మధుమేహం ఉన్నవారిలో, మహిళల్లో, వృద్ధుల్లో నొప్పి లేకుండా ఆయాసం, వికారం, నీరసం మాత్రమే కనిపించవచ్చు.

• వెంటనే 108కి ఫోన్ చేయండి. రోగిని నడిపించొద్దు, బండి నడపనివ్వొద్దు.

• ఆసుపత్రికి వెళ్లగానే ‘ఛాతీ నొప్పి, ఈసీజీ తీయండి’ అని అడగండి. పది నిమిషాల్లో తీయాలన్నది వైద్య ప్రమాణం.

• నొప్పి ఎన్నింటికి మొదలైందో గుర్తుపెట్టుకుని చెప్పండి. వైద్యం ఆ సమయాన్ని బట్టే నిర్ణయిస్తారు.

• మీ ఊరికి దగ్గర్లో ఈ ఇంజెక్షన్ ఎక్కడ ఉందో ఈరోజే ఏఎన్ఎంను గానీ, ఆశా కార్యకర్తను గానీ అడిగి తెలుసుకోండి. నొప్పి వచ్చాక వాకబు చేసే తీరిక ఉండదు.

పరీక్షలో అది గ్యాసేనని తేలితే పోయేది ఒక పూట పని మాత్రమే.