పాలొద్దనే బిడ్డకు రాగిజావ

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పాడి లేని పల్లె అరుదు. అయినా పాలగ్లాసు చూడగానే మొహం తిప్పుకునే పసివాళ్లున్నారు. ముక్కు మూసి తాగించకండి. పొరపోయే ప్రమాదముంది, అయిష్టమూ పెరుగుతుంది.

ఎముకలు, పళ్లు గట్టిపడాలంటే కాల్షియం కావాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం ఒకటి నుంచి మూడేళ్ల బిడ్డకు రోజుకు 500 మిల్లీగ్రాములు అవసరం. వంద గ్రాముల ఆవుపాలలో అది సుమారు 120, రాగుల్లో సుమారు 350, బియ్యంలో 10 మాత్రమే. సంగటి మాని వరి అన్నానికి మారిన ఇంట్లో బిడ్డ పాలూ వద్దంటే లోటు తప్పదు.

రాగులు మొలకెత్తించి, ఆరబెట్టి, వేయించి పిండి పట్టించండి. మొలకెత్తిస్తే అందులోని కాల్షియం ఒంటికి బాగా పడుతుంది. 30 గ్రాముల పిండితో కాచిన జావలో 100 మిల్లీగ్రాములు వస్తుంది. రెండు చెంచాల నువ్వులపొడి, కాస్త బెల్లం కలిపితే మరో 100. అన్నంలో గిన్నెడు పెరుగు, పప్పులో గుప్పెడు మునగాకు వేస్తే మిగతాది చాలావరకు పూడుతుంది. పాలకు బదులు టీ మాత్రం పట్టకండి. రోజూ కాసేపు ఎండలో ఆడనివ్వండి.

పాలు తాగితే విరేచనాలు, దద్దుర్లు వస్తున్నా, కాళ్లు వంకర తిరుగుతున్నా ఆలస్యం చేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి.