మునిగిన ఓడలకు అభయము

ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అని మన పెద్దలు చెప్పుదురు. కలిమిలేములు ఒకచోట నిలువవని ఆ మాటకు అర్థము. అయితే ఓడకు మఱియొక గతియు కలదు. తుపానులో మునిగి, సముద్రపుటడుగున బురదలో కూరుకొనిపోయి, మూడు నాలుగు వందల ఏండ్లకు బయటపడిన ఓడ తన కాలమునకు సాక్షి యగును. మన నిఘంటువులలో ‘కలము’ అను మాటకు వ్రాత సాధనమనియే గాక ఓడ యనియు అర్థము కనబడును. మొదటి కలము వ్రాయక విడిచిన చరిత్రను రెండవ కలము దాచియుంచును. దానిని చదువు విద్యయే నౌకాపురావస్తు శాస్త్రము.

మౌలాలి గుట్ట నెక్కి నలుదిక్కుల చూచినను సముద్రపు జాడ కనబడదు. తార్నాకలో చదువుకొను విద్యార్థి ‘మునిగిన ఓడలతో మనకేమి పని?’ అని అడిగినచో ఆ ప్రశ్న సహజమైనదే. కాని ఈ సీమ నేలిన కుతుబ్‌షాహీలకు, ఇక్కడికి 300 కిలోమీటర్లకు పైబడిన దూరమున, మచిలీపట్నము రేవు ఉండెను. గోలకొండ వజ్రములును, తీరాంధ్రపు అద్దకపు వస్త్రములును అక్కడ ఓడలెక్కెను. 17వ శతాబ్ది తొలి యేండ్లలో డచ్చివారు, 1611లో ‘గ్లోబ్’ అను ఓడపై ఆంగ్లేయులు ఆ రేవున దిగిరి. సుల్తానుల సొంత ఓడలు ఒకవైపు మోఖాకు, పారసీక తీరమునకు, మఱియొకవైపు బర్మా, సుమత్రా తీరములకు పోయి వచ్చుచుండెను. నరసాపురపు వడ్రంగులు, కమ్మరులు సముద్రగామి నౌకలను నిర్మించిరి. ఆంగ్లేయులు సైతము అచ్చట ఓడలు కట్టించుకొనిరి.

ఎన్ని బేళ్ళ గుడ్డ ఎక్కినదో, ఎంత ధర పలికినదో కంపెనీల చిట్టాలలో దొరకును. ఓడకు ఏ చెట్టు మ్రాను వాడిరి, పలకను పలకతో ఎట్లు బిగించిరి, కళాసులు దేనిలో వండుకొనిరి, తమ మూటలలో ఏమి దాచుకొనిరి అను ప్రశ్నలకు ఆ చిట్టాలు బదులు చెప్పవు. మన తీరపు అలల తాకిడికి పగులకుండ, మేకులు లేక, కొబ్బరినారతో పలకలను కుట్టి చేసిన మసూలా పడవల నేర్పు తండ్రినుండి కొడుకునకు చేతిపనిగా వచ్చిన విద్య. ఇట్టి విద్యలకు ఓడయే గ్రంథము. పైగా, నేలమీది పాత పట్టణమును త్రవ్వినచో తరతరముల వస్తువులు కలగలసి యుండును. మునిగిన ఓడలోనివన్నియు ఒక్క దినమున మునిగినవి. దాని సాక్ష్యమునకు గల విలువ అందులోనిదే.

మన దేశమునుండియే రెండు ఉదాహరణములు చూతము. గోవా తీరమున సుంచి యను నీటిమఱుగు రాతిదిబ్బయొద్ద 17వ శతాబ్ది తొలినాళ్ళ పోర్చుగీసు ఓడ శిథిలములను జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థవారు పరిశీలించిరి. ఫిరంగులతోపాటు ఏనుగు దంతములు, నీటిగుఱ్ఱపు కోఱలు, చైనా పింగాణి ముక్కలు, బర్మా దేశపు మర్తబాన్ జాడీల పెంకులు అందు దొరకినవి. ఆఫ్రికాయు, చైనాయు, బర్మాయు ఒక్క ఓడ కడుపులో కలిసికొనినవి. తమిళనాట పూంపుహారు తీరమున మునిగిన మఱియొక ఓడలో సీసపు దిమ్మలు దొరకినవి. వానిపై డబ్ల్యు. బ్లాకెట్ అను పేరును, 1791, 1792 అను సంవత్సరములును ముద్రింపబడి యుండెను. ఓడ పేరు తెలియకున్నను, అది 1792కు ముందు మునుగలేదని ఆ దిమ్మలే చెప్పుచున్నవి.

ఇక సింహళపు కథ. శ్రీనాథుని హరవిలాసమునకు కృతిభర్తయైన అవచి తిప్పయసెట్టి అక్కడినుండి ఏనుగులను తెప్పించినవాడు గనుక ఆ దీవి తెలుగు పాఠకులకు క్రొత్తది కాదు. ‘బ్లెస్సింగ్’ అను ఆంగ్లేయుల ఓడను డచ్చివారు 1653లో పారసీక తీరప్రాంతమున పట్టుకొని ‘ఆవొండ్‌స్టర్’ అని పేరు మార్చిరి. సాయంకాలపు చుక్క యని దాని అర్థము. 1659లో ఆ ఓడ గాల్ రేవున లంగరు వదలి, ఒడ్డువైపు కొట్టుకొనిపోయి మునిగెను. 1993లో దాని ఉనికి తెలిసెను. తరువాత శ్రీలంక పరిశోధకులు డచ్చివారి తోడ్పాటుతో ఆ చోటును త్రవ్వి, వంటపొయ్యి ఇటుకలు, త్రాళ్ళు, కుండలు మొదలగువానిని, ఏది ఎక్కడ నున్నదో పటములో గుర్తించుచు, వెలికి తీసిరి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ గాల్‌లోని వారి పరిశోధనశాలను ధ్వంసము చేసెను. శ్రమపడి తీసిన వస్తువులలో పెక్కింటిని సముద్రము మరల గైకొనెను. మిగిలినది వ్రాతయు పటమును. తీసిన వస్తువుకంటె వ్రాసికొన్న వివరమే గట్టిదని ఆ యుపద్రవము నేర్పినది.

మన తీరమున ఇట్టి ఓడలు లేకుండునా? 1789లో కోరంగిపై విఱుచుకుపడిన ఉప్పెన ఓడలను ఊడ్చివేసెను. 1848లో ‘సైక్లోన్’ అను మాటను కల్పించిన హెన్రీ పిడింగ్టన్ ఆనాటి మూడు పెనుకెరటములను ప్రత్యేకముగా వర్ణించెను. 1864 నవంబరు 1వ తేదీ ఉప్పెనలో మచిలీపట్నము ప్రాంతమున దాదాపు 30,000 మంది మరణించిరి. రేవున నున్న ఓడలకు ఇట్టి రాత్రులు ఎన్ని వచ్చినవో! స్వీడను దేశపు ‘వాసా’ 1628లో మునిగి, 1961లో దాదాపు పూర్తి రూపముతో పైకి వచ్చెను. ఉప్పు తక్కువైన బాల్టిక్ సముద్రమున మ్రానును తొలుచు ఓడపురుగు బ్రదుకలేకపోవుటయే అందులకు ముఖ్య కారణము. అయినను, కొయ్య ఎండి పగులకుండుటకు 1962 మొదలు 1979 వఱకు దానిపై మందునీరు చల్లవలసి వచ్చెను. మన వెచ్చని ఉప్పునీట ఆ పురుగునకు కొదువ లేదు. కాని గోదావరీ కృష్ణలు తెచ్చు ఒండ్రు వేగముగా కప్పినచో, గాలి చొరని ఆ బురదలో మ్రాను నిలిచియుండును. కోరంగి రేవును పూడ్చివేసిన ఒండ్రే కోరంగి ఓడలను కాపాడుచుండవచ్చును.

అట్టి ఓడలు బయటపడు దినమున వానికి శత్రువు పురుగు కాదు, మనుష్యుని ఆశ. 1752లో దక్షిణ చైనా సముద్రమున మునిగిన ‘గెల్డర్‌మాల్సెన్’ అను డచ్చి ఓడనుండి మైకేల్ హాచర్ అనువాడు 1985లో లక్షకు పైగా పింగాణి పాత్రలను, నూఱుకు మించిన బంగారు కడ్డీలను తీసెను. మఱుసటి యేడు ఆమ్‌స్టర్‌డామ్‌లో అవి వేలమునకు వచ్చెను. పాత్రలు కొన్నవారి అల్మారాలకు చేరినవి. ఏ పాత్ర ఓడలో ఎక్కడ, దేని ప్రక్కన నుండెనో అను వివరము చాలవఱకు చెదరిపోయినది. చెదరిన వాక్యమును మాటలుగా విడదీసి అమ్మినట్లయినది.

ఈ విషయమున మన నేల ఒకనాడే దారి చూపినది. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో అభయశాసనమును వేయించెను. గాలివానలో పగిలి తీరమునకు కొట్టుకొని వచ్చిన ఓడల సొమ్మును పూర్వరాజులు బలిమిమై గైకొనుచుండిరనియు, ప్రాణమునకు తెగించి సముద్రముపై వచ్చు వర్తకులకు తాను నియమిత సుంకము తప్ప తక్కినదంతయు విడుచుచున్నాననియు అందు చాటెను. 1358లో అనపోతరెడ్డియు అదే రేవున వర్తకులకు అభయమిచ్చెను. ఓడ పగిలినవాని సొమ్ము కొల్లసొమ్ము కాదను ధర్మము తెలుగునేలపై రాతికెక్కి ఎనిమిది వందల యేండ్లు కావచ్చుచున్నది.

ఆనాడు అభయము బ్రదికియున్న వర్తకునకు కావలెను. నేడది పలుకలేని ఓడకు కావలెను. ఉపాధ్యాయులు మోటుపల్లి శాసనమును పాఠముగా చెప్పునపుడు ఈ మాటయు చేర్చిన మేలు. తీరపు బడులలోని పిల్లలు పల్లెవారి నోట పడవ భాగముల పేర్లను విని వ్రాసికొనవచ్చును. వలలో పాత మ్రాను ముక్కయో, పింగాణి పెంకో చిక్కినచో, దానిని ఇంటికి కొనిపోవుటకు ముందు అది దొరకిన చోటును గుర్తించి పురావస్తు శాఖకు తెలుపవలెనని వారికి నేర్పవచ్చును. పెంకునకు సంతలో ధర యుండకపోవచ్చును. అది దొరకిన చోటు మాత్రము, ఒకసారి మఱచినచో, ఎవ్వరికిని మరల దొరకదు.