పెద్ద ఇంజన్ కొనే ముందు బ్యాటరీ జరిపి చూడండి

మా బోనకల్‌లో పడవలు ఉండవు. ఖమ్మానికీ మధిరకూ నడుమ రైలుకట్ట మీదున్న ఊరు. పత్తి, మిర్చి, సాగర్ ఎడమ కాల్వ నుంచి వచ్చే బ్రాంచి కాల్వ నీళ్లు, ఇవీ మా మాటలు. నేను పంపుసెట్లు, డీజిల్ ఇంజన్లు బాగుచేసుకుని బతికేవాణ్ణి. అయినా వానాకాలం ముందు నా కొట్టులో ఒకటో రెండో పడవ మోటార్లు స్టాండుకు బిగించి ఉంటాయి. దానికి కారణం మా బామ్మర్ది. భద్రాచలం దిగువన, శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం దగ్గర వాడికో ఫైబర్ పడవ ఉంది. ముక్కు నుంచి తోక దాకా పదహారు అడుగులు. చేపలు తెస్తాడు, అవతలి ఒడ్డుకు మనుషుల్ని, సామాన్లను దింపుతాడు. వాడు పంపితే వాడి తోటివాళ్లు కూడా ఇంత దూరం వస్తారు.

వచ్చినవాళ్ల మొదటి మాట దాదాపు ఒకటే: "ఇంజన్ లాగట్లేదు. పెద్దది వేద్దామా?"

విప్పి చూస్తే ఇంజన్‌లో చాలాసార్లు ఏమీ ఉండదు. ప్లగ్గు నల్లబడి ఉంటుంది, కార్బొరేటర్‌లో చెత్త ఉంటుంది, అంతే. అసలు సమస్య పడవ కూర్చున్న తీరులో ఉంటుంది. బామ్మర్ది పడవనే చూడండి. వెనక పలకకు బిగించిన తొమ్మిది పాయింట్ తొమ్మిది హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారు దాదాపు 40 కిలోలు. దాని పక్కనే 24 లీటర్ల పెట్రోల్ డబ్బా. లీటరు పెట్రోలు ముప్పావు కిలో లెక్కన నిండుగా ఉంటే పెట్రోలే 18 కిలోలు. ఆ పక్కన లైటు కోసం పెట్టుకున్న బ్యాటరీ, లంగరు, తాడు. వీటన్నిటి మధ్య హ్యాండిల్ పట్టుకుని 75 కిలోల మా వాడు. ఇదంతా పడవలో చివరి నాలుగడుగుల్లోనే. ముందు భాగంలో ఒక ఖాళీ వల బుట్ట. యాక్సిలరేటర్ తిప్పగానే ముక్కు ఆకాశం చూస్తుంది, వాడికి ఎదురుగా ఏముందో కనపడదు, మోటారు గోల పెడుతుంది, వేగం మాత్రం రాదు.

ఎందుకు రాదన్నది తెలిస్తే మిగతాదంతా సులువు. పడవ నెమ్మదిగా పోతున్నప్పుడు నీటిని పక్కకు నెట్టుకుంటూ పోతుంది. వేగం పెరిగేకొద్దీ ముందు ఒక అల లేస్తుంది, దాని వెనక పల్లం పడుతుంది. ఆ అల పొడవు పడవ పొడవంత అయిన చోట పడవ తాను లేపిన అలకే వెనకాల ఇరుక్కుంటుంది. విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లండు ఇంజనీరు 1870లలో టార్కీ అనే ఊళ్లో పొడవాటి నీళ్ల తొట్టి కట్టి, అందులో ఓడల నమూనాలను లాగి ఇలాంటి లెక్కలు తేల్చాడు. పదహారు అడుగుల పడవకు ఆ హద్దు గంటకు సుమారు 10 కిలోమీటర్లు. అది దాటాలంటే పడవ ఆ అల మీదికి ఎక్కి, నీటిని తోసుకుంటూ పోవడం మాని నీటి మీద జారాలి. వెనక బరువున్న పడవ ఆ గట్టు ఎక్కలేదు. తోక పల్లంలో కూరుకుపోయి, ఎంత పెట్రోలు పోసినా ఎక్కుతున్నట్టే ఉంటుంది. దానికి పెద్ద మోటారు వేశారనుకోండి, అది ఇంకో పాతిక ముప్పై కిలోలు ఎక్కువ, అదీ తోక మీదే. డబ్బు పెట్టి జబ్బు పెంచుకోవడం.

కాబట్టి ముందు బరువులు జరపాలి. ఇక్కడ పట్టించుకోవలసింది బరువు ఒక్కటే కాదు, బరువును దూరంతో గుణించిన లెక్క. బ్యాటరీ, లంగరు కలిపి 25 కిలోలు పన్నెండు అడుగులు ముందుకు జరిపినా, 75 కిలోల మనిషి నాలుగడుగులు ముందుకు కూర్చున్నా పడవకు తేడా తెలియదు. రెండూ మూడు వందలే. మా పత్తి కాటా మీద అన్నీ తూచి, కాగితం మీద పడవ బొమ్మ గీసి ఈ లెక్క చూపించాక గానీ బామ్మర్ది నమ్మలేదు. "అంటే బావా, నేను లేచి ముందుకు పోవాలంటావు. మరి హ్యాండిల్ ఎవడు పడతాడు?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. జవాబు నా కొట్టులోనే ఉంది: మూడడుగుల పీవీసీ పైపు ముక్క. హ్యాండిల్ పిడి లావుకు సరిపడే పైపు చూసుకుని, ఒక కొసన జానెడు మేర రంపంతో నిలువుగా రెండు వైపులా చీరాలి. పిడి మీదికి తొడిగి, పైన హోస్ క్లిప్ వేసి స్క్రూడ్రైవర్‌తో బిగించాలి. పైపు తిప్పితే పిడి తిరగాలి, జారకూడదు. జారితే సైకిల్ ట్యూబు ముక్క లోపల చుట్టి మళ్లీ బిగించాలి. దీంతో తోలేవాడు వెనక బల్ల వదిలి నడిమి బల్ల మీదికి వస్తాడు. ఒక్క షరతు. మోటారును ఆపే ఎర్ర తాడు ఉంటుంది చూడండి, చాలామంది దాన్ని మోటారుకే చుట్టి వదిలేస్తారు. అది మణికట్టుకు ఉండాల్సిందే. పైపు పట్టుకున్నవాడు నీళ్లలో పడితే పడవ వాడి చుట్టూ తిరుగుతుంది, ప్రొపెల్లర్‌తో సహా. తాడు పొట్టిదైతే పొడుగుది కొనండి, కానీ కట్టుకోకుండా ఉండొద్దు.

పెట్రోల్ డబ్బాను మాత్రం నేను ముక్కులోకి తోయను. మధ్యకు కాస్త ముందు పెడతాను. పెట్రోలు తరుగుతుంది, చేపలు పెరుగుతాయి, మనుషులు ఎక్కుతారు, దిగుతారు. ఇలా మారే బరువులు ఎంత నడుమ ఉంటే పడవ తీరు అంత తక్కువ మారుతుంది. మారని బరువులు, అంటే బ్యాటరీ, లంగరు, ఇవే ముందుకు పోయి మోటారుకు ఎదురు తూగాలి. అవి కూడా మరీ కొసకు వద్దు, అలల్లో ముక్కు బాదుకుంటుంది. డబ్బా జరిపితే గొట్టం పొడుగుది కావాలి. అది ఎక్కడా మడత పడకూడదు. చేత్తో నొక్కే బల్బు మీద బాణం గుర్తు ఇంజన్ వైపే ఉండాలి.

ఆ తర్వాతే మోటారు వాలు జోలికి పోవాలి. బ్రాకెట్‌లో వరసగా నాలుగైదు రంధ్రాలు, వాటిలో ఒక పిన్ను ఉంటాయి. కొన్ననాటి నుంచి ఆ పిన్ను కదలని మోటార్లు నేను చాలా చూశాను, తుప్పు పట్టి సుత్తితో కొడితే గానీ రాదు. పడవ వేగంగా పోతున్నప్పుడు ప్రొపెల్లర్ ఇరుసు నీటి మట్టానికి సమాంతరంగా ఉండాలి, పడవ అడుగు మూడు నుంచి అయిదు డిగ్రీలు పైకెత్తి ఉండాలి. పిన్ను మరీ లోపలి రంధ్రంలో ఉంటే ముక్కు నీళ్లలో దున్నుతుంది, హ్యాండిల్ బరువెక్కి పడవ ఉన్నట్టుండి పక్కకు కొట్టుకుపోతుంది. మరీ బయటుంటే ముక్కు పైకీ కిందికీ ఎగిరెగిరి పడుతుంది. ఒక్క రంధ్రం మార్చి, అదే దారిలో ఎగువకొకసారి, దిగువకొకసారి పోయి ఫోన్‌లో జీపీఎస్ వేగం చూసి సగటు తీయాలి. ఒక్క వైపే చూస్తే తెలిసేది గోదావరి వేగం, మీ పడవది కాదు.

మోటారు ఎత్తు కూడా చూడాలి. ప్రొపెల్లర్ పైన అడ్డంగా ఒక రేకు ఉంటుంది. అది పడవ అడుగుకు సమంగానో, అంగుళం లోపు కిందగానో ఉండాలి. పైకి ఉంటే మలుపులో ప్రొపెల్లర్ గాలి పీల్చి, ఫుట్‌వాల్వ్ తేలిపోయిన పంపుసెట్టులా ఊరికే అరుస్తుంది. మోటార్ల కాడలు ఎక్కువగా పదిహేను, ఇరవై అంగుళాల కొలతల్లో వస్తాయి, వెనక పలక ఎత్తు కొలవకుండా సెకండ్‌హ్యాండ్ మోటారు కొనేవాళ్లకు ఇక్కడే తంటా. ఆ రేకుకు బిగించే ప్లాస్టిక్ రెక్కలు కూడా అమ్ముతున్నారు. తోకను ఎత్తుతాయి, నిజమే. కానీ రేకుకు రంధ్రాలు వేయాలి, నీళ్లలో ఈడ్పు పెరుగుతుంది. బరువులు సర్దుకోగలిగినవాడికి అవి దండగ అని నా అభిప్రాయం.

అన్నిటికన్నా దొంగ బరువు పడవలోకి చేరిన నీళ్లు. నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడవు నేల మీద రెండంగుళాల నీళ్లు నిలిస్తే కాలి మడమ తడిసినట్టే ఉంటుంది. లెక్క కడితే సుమారు 190 కిలోలు. ఇద్దరు ముగ్గురు మనుషులు, అదీ కుదురుగా కూర్చోనివాళ్లు. ముక్కు లేస్తే నీళ్లన్నీ తోకకు పోతాయి, మలుపు తిరిగితే ఒరిగిన వైపుకే పోయి ఇంకా ఒరగదీస్తాయి. ఐసు పెట్టె కరిగిన నీళ్లు కూడా ఇందులోకే. చేద పడవలో ఉండాలి, తాడుతో కట్టి ఉండాలి.

2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమంలో మునిగిన బోటు, 2019 సెప్టెంబరు 15న 77 మందితో పోతూ మునిగిన కచ్చులూరు బోటు. ఈ రెంటి తర్వాత అందరూ అడిగేది "ఎంతమంది పడతారు?" అని. అవి పెద్ద బోట్లు, వాటి కారణాలు వేరు, చిన్న పడవ లెక్కలతో వాటిని తేల్చేయడం నాకిష్టం లేదు. చిన్న పడవ వరకు నేను తలలు లెక్కపెట్టను, టేపు పట్టుకుంటాను. రేవులో నిలకడ నీళ్లలో పూర్తి బరువు ఎక్కించి, నాలుగు మూలలా అంచు నుంచి నీటికి ఎంత ఉందో కొలుస్తాను. కుడి ఎడమలు సమంగా రావాలి. వెనక మోటారు కోసం పలకను తగ్గించిన చోటే అన్నిటికన్నా తక్కువ ఎత్తు, నీళ్లు ఎక్కేది అక్కడి నుంచే. వేగంగా వస్తూ యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలితే వెనకాలే వస్తున్న మన అలే మనల్ని అందుకుని ఆ గాడిలోంచి లోపలికి దూకుతుంది. మెల్లగా తగ్గించాలి. కొలత సంతృప్తిగా ఉన్న చోట పడవ పక్కన ఎర్ర రంగు గీత వేస్తాను. సముద్రపు ఓడలకు ఇలాంటి గీత ఉండి తీరాలని బ్రిటన్‌లో శామ్యూల్ ప్లిమ్సల్ అనే ఎంపీ పోట్లాడితే 1876లో చట్టం వచ్చింది. మా వాళ్లకు చట్టం అక్కర్లేదు, ఒక రంగు డబ్బా చాలు.

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. కూనవరం, వీఆర్ పురం వైపు ఊళ్లకు అప్పుడు పడవే దారి. అలాంటప్పుడు బియ్యం బస్తాలు పడవ నేల మీద, నడుమ, కదలకుండా ఒకదానికొకటి ఆనించి పెట్టాలి. బల్లల మీద పేర్చితే బరువు పైకెక్కి పడవ ఊగుతుంది. మనుషులు కూర్చునే ఉండాలి, దిగేటప్పుడు ఒక్కొక్కరే లేవాలి. ఎదురు అలల్లో పోతుంటే ఒక మనిషిని ముందుకు జరిపి ముక్కు కాస్త దించుకోవచ్చు. అలలు వెనక నుంచి తరుముతుంటే అదే మనిషిని వెనక్కి పిలవాలి, లేకపోతే ముక్కు ముందున్న అలలో గుచ్చుకుని పడవ అడ్డం తిరుగుతుంది. లైఫ్ జాకెట్ సంగతి వేరే చెప్పాలా? బస్తాల కింద దాచిన జాకెట్ కూడా బరువే.

బామ్మర్ది పెద్ద ఇంజన్ మాట ఎత్తడం మానేశాడు. మొన్న ఫోన్ చేసి, పడవ అడుగున పట్టిన నాచు ఉప్పు కాగితంతో గీకేయనా అని అడిగాడు. వద్దురా, పైపూత పోతుంది, ప్లాస్టిక్ పలకతో గీకి నీళ్లు కొట్టు, ఆ తర్వాత మళ్లీ వేగం చూసి చెప్పు అన్నాను.