బల్ల తేలిక, పని బరువు

ఏమ్మా, వెండి నగల పని నేర్చుకున్నావట, సంతోషం. అద్దె ఫ్లాటులో పనిబల్ల ఎక్కడ వేసుకోవాలా అనే కదా నీ బెంగ? భోజనాల బల్ల మీద ఎక్కించి, పనయ్యాక దించి బీరువా పక్కన నిలబెట్టుకునే బుల్లి బల్ల ఒకటి చేసుకో. చెక్కపని పెద్ద కష్టమేం కాదు. చిక్కల్లా ఒక్కటే. మోసేటప్పుడు అది తేలిగ్గా ఉండాలి, పనిచేసేటప్పుడు వెంట్రుకవాసి కదలకూడదు.

నేల మీద కూర్చునే మన కంసాలికి ఈ చిక్కు లేదు. దాగలిని దుంగలో దిగ్గొట్టి ముందు పెట్టుకుంటాడు. సుత్తి దెబ్బ దుంగలోంచి నేలలోకి దిగిపోతుంది. నేలని కదిల్చే సుత్తి ఇంకా పుట్టలేదు కదా! కుర్చీలో కూర్చునేవాళ్లకే బల్ల అక్కర పడింది. 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో దిదెరో తెచ్చిన విజ్ఞాన సర్వస్వం బొమ్మల్లో అలాంటి బల్లలున్నాయి. అంచున అర్ధచంద్రాకారపు కోతలు, కింద రజను పట్టడానికి వేలాడే తోలు. ఇవాళ్టికీ ఆకారం అదే.

ముందు ఎత్తు సంగతి. భోజనాల బల్ల దాదాపు 75 సెంటీమీటర్లుంటుంది. నగల బల్ల 90 నుంచి 100 దాకా ఉండాలి, పని రొమ్ము ఎదురుగా రావాలి. లేకపోతే 5 కిలోల తలని పూటంతా మెడ మోస్తూ వంగి ఉంటుంది. అందుకని నీ బుల్లిబల్లకి 20 సెంటీమీటర్ల కాళ్లు చాలు. పైన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు, 60 పొడవు, 40 వెడల్పు. అన్నీ కలిపి 5 కిలోలు తూగుతుందనుకో. ముందంచుకి గట్టి కర్రతో చేసిన చీలిక ఒకటి బిగించాలి. దాన్నే బెంచ్ పిన్ను అంటారు. దాని మధ్యలో 'వి' ఆకారంలో కోత. రేకుని దాని మీద పెట్టి కోస్తావు.

రంపం బ్లేడుకి పళ్లు పిడి వైపు, అంటే కిందికి ఉండాలి. కిందికి లాగినప్పుడు కోత పడుతుంది, ఆ లాగుడే రేకుని పిన్నుకి అదిమి పెడుతుంది. పళ్లు పైకుంటే రేకు ఎగిరెగిరి పడుతుంది. అయితే పిన్ను బల్ల అంచు దాటి 8 సెంటీమీటర్లు బయటికి వచ్చి ఉంటుంది. అక్కడ నొక్కితే బుల్లిబల్ల వెనక భాగం లేవాలని చూస్తుంది, తక్కెడలాగా. లెక్క వేద్దాం. బల్ల బరువు 5 కిలోలు, అంచు నుంచి 20 సెంటీమీటర్ల వెనక పనిచేస్తుంది. ఐదిరవైలు 100. పిన్ను కొస మీద పన్నెండున్నర కిలోల నొక్కుడు పడితే చాలు, బల్ల తిరగబడుతుంది. రంపానికి అంత బలం అక్కర్లేదు గానీ, మోచేతులు ఆనించి వాలితే పడుతుంది. మరి 5 కిలోల పనిముట్ల పెట్టె వెనకంచు దగ్గర, 35 సెంటీమీటర్ల దూరంలో పెట్టు. ఇంకో 175 కలిసింది. మొత్తం 275ని 8తో భాగిస్తే 34 కిలోలు దాటాలి. పనిముట్లెలాగూ కావాలి, వాటినే బరువుగా వాడుకుంటున్నాం. బల్ల మోసేటప్పుడు పెట్టె వేరుగా వస్తుంది.

ఆకురాయి సంగతి వేరు. అది ముందుకి నెడుతుంది, బల్ల జారుతుంది. ముందు కాళ్ల కింద పట్టీకి మూడు సెంటీమీటర్లు కిందికి దిగే కర్రముక్క కొట్టు. అది భోజనాల బల్ల అంచుకి తగులుకుని ఆపుతుంది. తర్వాత పక్కలకి రెండు సి-క్లాంపులు. వేళ్లతో తిప్పినా మర పదుల కిలోల బిగింపు ఇస్తుంది. భోజనాల బల్ల బరువు మొత్తం అప్పు తెచ్చుకున్నట్టే, వడ్డీ లేకుండా! మీ అమ్మ బల్ల పాలిషు పోతుందని గొడవ చేయకముందే క్లాంపు కింద తోలుముక్క పెట్టు.

ఇక నిప్పు. వెండి 962 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నగల టంకానికి సాధారణంగా 700 డిగ్రీలు దాటాలి. కర్ర 300కే బొగ్గవుతుంది. అందుకని కొలిమి ఇటుక వేసుకో. గాలి గదులున్న తేలికపాటి రకమైతే మంచిది, వేడిని కిందికి పోనివ్వదు. వెండికి ఒక పేచీ ఉంది. లోహాలన్నిటిలోకీ వేడిని త్వరగా పంచేది అదే. అతుకు ఒక్కచోటే కాలిస్తే వేడి మిగతా నగంతా పాకిపోతుంది, టంకం కరగదు. నగనంతా కాల్చాలి. వెలిగారం కరిగి గాజుపూతలా పరుచుకుని గాలిని దూరంగా ఉంచుతుంది, లేకపోతే వెండిలో కలిసిన రాగి నల్లబడుతుంది. కిటికీ తెరిచే ఉంచాలి సుమా.

పిన్ను కింద సొరుగు మరవకు. రేపు బంగారం పట్టుకుంటే దాని విలువ తెలుస్తుంది. బంగారం నీటికన్నా 19 రెట్లు బరువు. ఒక్క ఘన మిల్లీమీటరు రజను 19 మిల్లీగ్రాములు తూగుతుంది. గ్రాము ధరని యాభైతో భాగించు, అది నేలపాలైన డబ్బు! సొరుగులో పడ్డ ఇనుప రజను అయస్కాంతంతో ఏరేయొచ్చు. సీసం మాత్రం దానికి దొరకదు. రవ్వంత సీసం కలిసినా బంగారం పెళుసెక్కి విరుగుతుంది. కాబట్టి మీ తమ్ముడు సీసం సోల్డరు పట్టుకుని రేడియో రిపేరుకని నీ బల్ల దగ్గరికొస్తే, వంటింటి గట్టు చూపించకుండా వరండాలోకి పంపించు.